కుంకుమ బొట్టు దగ్గర తేలిన లెక్క

“పన్నెండూ ఇరవై అయిదుకి ఎన్ని డిగ్రీలు?”

“అరవై అమ్మా.”

“ముప్పై అయిదుకి?”

“అరవై నాలుగు.”

“నలభై అయిదుకి?”

“డెబ్బై. అప్పుడే నాకు భయమేసింది. యాభైకల్లా ఫార్మలిన్ కొళాయి కట్టేశాను. అయినా ఆగలా. యాభై అయిదుకి డెబ్బై తొమ్మిది. ఒంటిగంటా అయిదుకి తొంభై మూడు. ఆ తర్వాత రాయటానికి చెయ్యాడలేదమ్మా.”

డిటెక్టివ్ సుబ్బరత్నం ఒళ్లో ఆ డిగ్రీలు రాసిన లాగ్ పుస్తకం తెరిచే ఉంది కాని ఆవిడ అందులోకి చూడలేదు. మూడు రోజులుగా ఆ అంకెలతో కుస్తీ పట్టి ఆవిడకు అవి నోటికొచ్చేశాయి. ఆవిడ చూస్తున్నది ఏసోబు ముఖం. అబద్ధం రాసుకున్నవాడు ఎక్కడో ఒకచోట తడుముకుంటాడు. ఏసోబు తడుముకోలేదు.

తిరువూరు పోలీసు స్టేషన్లో గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. సరిగ్గా వారం కిందట, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఎనిమిది నిమిషాలకి, ఎ.కొండూరు రోడ్డులోని బాలామణి రెజిన్స్ ఫ్యాక్టరీలో ఒకటో నెంబరు కెటిల్ మూత ఎగిరిపోయి, పైకప్పు రేకుల్ని చీల్చుకుని పక్క తోటలో పడింది. కెటిల్ అంటే టీ కాచుకునేది కాదు. కాగితాల్లో దాని పేరు రియాక్టరు. వెయ్యి లీటర్లు పట్టే ఇనప పాత్ర. మామిడి చెక్క పొరల్ని ప్లైవుడ్డుగా అంటించే జిగురు అందులో తయారవుతుంది. పెనుగొలను నుంచి పనికొచ్చే ఏడుకొండలుకి వీపంతా కాలింది. ప్రాణం దక్కడం అదృష్టం. కెటిల్ నడిపే ఏసోబు కావాలనే చన్నీళ్లు కట్టేసి పేల్చాడని యజమాని చంద్రశేఖరం ఫిర్యాదు ఇచ్చాడు. సెలవివ్వలేదని కక్ష కట్టాడట. నిన్న సాయంత్రం ఏసోబును అరెస్టు చేశారు, ఈ సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత సబ్ జైలు.

“నాలుగింటిలోగా ఏదైనా రుజువు తెచ్చారంటే నాకూ సంతోషమే” అన్నాడు ఎస్సై. మంచివాడే, కాని ఫిర్యాదు కాగితం ఆయన టేబిలు మీదే ఉంది.

సుబ్బరత్నం బెజవాడ కాలేజీలో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పింది. వాల్తేరులో ప్రొఫెసర్లు ఫ్యాక్టరీల రియాక్టర్లు ఎంతవరకు భద్రమో కాగితం మీద సమీకరణాలు రాసి చూస్తుంటే, ఆ లెక్కలు కొన్నాళ్లు ఆవిడే చేసిపెట్టింది. తర్వాత ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టింది. పిస్తోలు ఎక్కడ పెట్టుకుంటారని అడిగేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండేది స్లైడ్ రూల్, జరుపుతూ లెక్కలు కట్టే కొలబద్ద.

“నీళ్ల వాల్వు సంగతి చెప్పు ఏసోబూ.”

“దాని చక్రం విరిగిపోయి ఏడాదైందమ్మా. ఇనప కీ ఒకటి చేయించారు, దాంతో తిప్పాల. రెండు కెటిళ్లకీ అదే వాల్వు. అరవై డిగ్రీలు రాగానే స్టీము కట్టేసి, వాల్వు తెరిచాను. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు.”

“ఎన్ని కీలున్నాయి?”

“నాకు తెలిసి ఒకటే. మొలతాడుకి కట్టుకుని తిరిగేవాణ్ణి. ఏడుకొండల్ని వీపు మీదేసుకుని ఆస్పత్రికి పరిగెత్తానా, అక్కడే పోలీసులు తీసుకున్నారు.”

ఎస్సై పంచనామా తిరగేసి చూశాడు. “ఒంటిగంటా ఇరవై అయిదు.”

“నువ్వు డ్యూటీకొచ్చేసరికి ఫార్మలిన్ ట్యాంకు ఎంతలో ఉంది?”

“నాలుగొందల గీత దాకా నిండుగా ఉందమ్మా. ఏడుకొండలు నింపిపెట్టాడు.”

“అంతకుముందు పొద్దున కెటిల్ దగ్గర ఏం జరిగింది?”

“పూజ చేశారంట. అప్పుడు నన్ను పిలవరు, నేనూ వెళ్లను. ప్రసాదం మాత్రం ఇచ్చారు.”

సుబ్బరత్నం ఆ మాట విని పక్కన పెట్టేసింది. ఇంకో గంటన్నర తర్వాత తనను తాను తిట్టుకోబోయేది ఆ పక్కన పెట్టినందుకే.

స్టేషను మెట్ల మీద ఏసోబు భార్య రావమ్మ క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ కేసు సుబ్బరత్నానికి అప్పగించింది ఆమే, వినగడప నుంచి మొదటి బస్సుకే వచ్చింది. “అమ్మా, ఇవాళైనా ఇంటికొస్తాడా?” అని అడిగింది.

“నాలుగింటికి నీ చేత్తోనే అన్నం పెడుదువుగాని” అనేసింది సుబ్బరత్నం. రిక్షా ఎక్కాక లెక్క చూసుకుంది. చేతిలో రుజువు సగమే ఉంది. మిగతా సగం ఎక్కడుందో ఇంకా తెలీదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే అంకారావు ఎదురయ్యాడు. సి.ఐ.డి.లో రిటైరై ప్రైవేటు డిటెక్టివ్ అవతారం ఎత్తినవాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు. చంద్రశేఖరం ఆయన్ని బెజవాడ నుంచి పిలిపించుకున్నాడు. ఒకే పూటలో నేరస్థుణ్ణి తేల్చేశానని ఆయనకు గర్వం.

“ఏమండీ సుబ్బరత్నం గారూ, మీ లెక్కల పరీక్ష ఎంతవరకొచ్చింది?”

“పాసయ్యేలా ఉన్నానండి. మీరు పుస్తకం తెరవకుండానే పాసైపోయారు కదా.”

లోపల రెండో నెంబరు కెటిల్ కడిగి సిద్ధం చేసి ఉంది. లోపల కలియబెట్టే స్టిర్రరు తిరుగుతున్న చప్పుడు వినగానే ఆవిడకి కోపం నషాళానికంటింది. “చంద్రశేఖరం గారూ, ఇదేంటి? కారణం తేలకుండా రెండోదీ మొదలుపెడుతున్నారా?”

చంద్రశేఖరం నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, నిద్రలేని కళ్లు. “ప్లైవుడ్డు కంపెనీవాళ్లు ఆగరు మేడమ్. శుక్రవారం పదింటిదాకా కరెంటు కోత, పదిన్నర నుంచి రాహుకాలం. పన్నెండు దాటగానే స్టీము తెరుస్తాం. కీ పన్నెండూ ఇరవైకి కానిస్టేబుల్ తెస్తాడు, మొన్న మీ పరీక్షకి తెచ్చినట్టే.”

“పోయిన శుక్రవారమూ ఇలాగే చేశారా?”

“ఇలాగే. అప్పుడు ఏసోబు ఉన్నాడు. ఇప్పుడు లేడుగా, భయమేముంది?”

రెండో కెటిల్‌కి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని ఆయన తల్లి బాలామణి గారు కూర్చుని ఉన్నారు. ఫ్యాక్టరీకి పేరు ఆవిడదే. నుదుట రూపాయంత బొట్టు, పెదవుల మీద ఏదో స్తోత్రం. సుబ్బరత్నాన్ని చూసి “రా అమ్మాయ్, ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగు” అన్నారు. ఇంత ప్రమాదం జరిగిన చోట ఆ పెద్దావిడను కూర్చోబెట్టినందుకు సుబ్బరత్నం చంద్రశేఖరాన్ని మనసులో మరోసారి తిట్టుకుంది.

పగిలిన ఒకటో కెటిల్ దగ్గర గోడ గడియారం కింద పడే ఉంది. ముళ్లు ఒంటిగంటా ఎనిమిది దగ్గర ఆగిపోయాయి. నీళ్ల వాల్వు నేలకు మోకాలెత్తున ఉంది. అంకారావు దాన్ని చేతికర్రతో తట్టి చూపించాడు.

“పేలిన రోజు నాలుగింటికి నేను చూశాను. గట్టిగా కట్టేసి ఉంది. కీ ఒక్కటే. అది ఏసోబు మొలకి ఉంది. ఇంక ఎవరు కట్టినట్టు? లాగ్ పుస్తకంలో అంకెలంటారా, తర్వాత కూర్చుని రాసుకున్నాడు.”

“ఎప్పుడు కూర్చున్నాడండీ? ఏడుకొండల్ని వీపున మోస్తూ రాశాడా?”

ఏసోబు బదులు ఇవాళ కెటిల్ నడపబోయేది జోజప్ప. ఆవిడ అతన్ని పక్కకు పిలిచింది. “ఆ రోజు పేలాక నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడేనండి. రెండున్నర దాకా రేకులూ జిగురూ ఎత్తిపోస్తానే ఉన్నాం. తర్వాత ఆ గొట్టం దగ్గర కాళ్లు కడుక్కున్నాను.”

“ఏ గొట్టం?”

“కెటిల్ చుట్టూ తిరిగిన నీళ్లు బయటికి పోయే గొట్టమండి.”

“రెండున్నరకి అందులో నీళ్లు వస్తున్నాయా?”

“ధారగా వస్తున్నాయి.”

సుబ్బరత్నం అంకారావు వైపు తిరిగింది. “కీ ఒంటిగంటా ఇరవై అయిదుకే స్టేషనుకి పోయింది. రెండున్నరకి వాల్వు తెరిచే ఉంది. నాలుగింటికి మూసి ఉంది. ఇదేం మాయ?”

“వీడు ఏసోబుకి బావమరిది వరస. వీడి సాక్ష్యం కోర్టులో నిలవదు” అని అంకారావు కొట్టిపారేశాడు. కాని ఆయన చేతికర్ర తట్టడం ఆగింది.

పదకొండూ నలభైకి ఇద్దరూ ఆఫీసు గదిలో కూర్చున్నారు. చంద్రశేఖరం కెటిల్ దగ్గర పని చూసుకోవాలని వెళ్లిపోయాడు. సుబ్బరత్నం గ్రాఫు కాగితం టేబిలు మీద పరిచి నాలుగు మూలలా నాలుగు సిరాబుడ్లు పెట్టింది.

“కెటిల్లో ముందు ఫినాలు, కాస్టిక్ ఉంటాయి. స్టీముతో అరవైకి వేడెక్కిస్తారు. తర్వాత పైన ట్యాంకు నుంచి ఫార్మలిన్ సన్న ధారగా రెండు గంటలసేపు దించుతారు. అది పడీ పడగానే కలిసి వేడి పుడుతుంది. చుట్టూ తిరిగే నీళ్లు ఆ వేడిని తీసుకుపోతాయి. ఇంతవరకు తెలుసుగా?”

“తెలుసు. నీళ్లు కట్టేస్తే పేలుతుందనీ తెలుసు.”

“పొయ్యిలో కట్టెలు పెట్టడం మానేస్తే మంట పెరుగుతుందా అంకారావు గారూ?”

“ఎందుకు పెరుగుతుంది?”

“ఏసోబు పన్నెండూ యాభైకి ఫార్మలిన్ ఆపేశాడు. డెబ్బై తొమ్మిదికి పోయింది, తొంభై మూడుకి పోయింది. ఎలా?”

“ఆపానని వాడు చెబుతున్నాడు.”

“వాడు కాదు, ట్యాంకు మట్టం చూపించే గాజు గొట్టం చెబుతోంది. ఇవాళ్టికీ మూడు వందల పద్దెనిమిది దగ్గరే ఉంది. నాలుగు వందల్లో దిగింది ఎనభై రెండు లీటర్లు. పంచనామాలో కూడా రాశారు, మీరు ఆ పేజీ తిప్పలేదు. నీళ్లు పూర్తిగా కట్టేసినా ఎనభై రెండు లీటర్లకి ఆ కెటిల్ ఎనభై అయిదు డిగ్రీలు దాటదు.”

“మీ సమీకరణం అలా చెప్పిందా?”

“మొన్న బుధవారం రెండో కెటిల్లో వేణ్ణీళ్లు నింపి, చుట్టూ చన్నీళ్లు వదిలి, ఎన్ని నిమిషాలకి ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో ఇరవై సార్లు రాసుకున్నాను. రెండూ కవలలు కాబట్టి ఒకటో కెటిల్‌కీ అదే లెక్క. ఒక పక్క పుట్టే వేడి, ఇంకో పక్క పోయే వేడి. పది డిగ్రీలు పెరిగితే పుట్టేది ఇంచుమించు రెట్టింపవుతుంది. పోయేది కొంచెమే పెరుగుతుంది. ఒక చోట ఈ రెండూ సమానం. ఆ గీత దాటితే ఇక నీళ్ల వల్ల కాదు. ఆఖర్న జిగురులోంచి నీటిని మరిగించి తీసే డిస్టిలేషన్ కోసం పైన కండెన్సరు పెట్టారు చూడండి, అది నిమిషానికి రెండు లీటర్ల ఆవిరిని చల్లారుస్తుంది. ఆ రోజు కెటిల్ నిమిషానికి ఏడు లీటర్లు తోసింది. దారి చాలక మూత లేచింది. నా లెక్క ప్రకారం ఒంటిగంటా ఏడుకి లేవాలి. గడియారం ఎనిమిది దగ్గర ఆగింది. ఆ ఒక్క నిమిషం తప్పు నాదో గడియారానిదో మీరే చెప్పండి.”

అంకారావు కాగితం మీదికి వంగాడు. ఏసోబు రాసిన అంకెలు ఎర్ర చుక్కలు. సుబ్బరత్నం లెక్కగట్టిన గీత నీలం. గీత ఒక్కో చుక్కనీ తాకుతూ పోయింది.

“అయిదో తరగతి చదివిన ఏసోబు ఈ అంకెలు కల్పించాలంటే, ముందు నాకు మూడు రోజులు పట్టిన లెక్క వాడు నిమిషంలో చేసుండాలి” అంది ఆవిడ. “గీత ఇలా కుదరాలంటే ఒకటే దారి. స్టీము తెరవకముందే, చల్లగా ఉన్నప్పుడే, కెటిల్లో ఫార్మలిన్ ఉంది. చల్లగా ఉంటే అది కలవదు, ఊరికే పడి ఉంటుంది. వేడెక్కేసరికి ఒక్కసారిగా అందుకుంటుంది.”

“ఎంత ఉంది?”

“నూట పదిహేనుకి తక్కువ కాదు, నూట పద్దెనిమిదికి ఎక్కువ కాదు.”

అంకారావు నవ్వేశాడు. “సరే, నూట పదహారు అనుకుందాం. ఎవరు పోశారంటారు, దయ్యమా?”

“ఏమన్నారు?”

“దయ్యం...”

“దానికి ముందు.”

“నూట పదహారు.”

సుబ్బరత్నం లేచి నిలబడింది. పెళ్లిలో చదివించినా, గుడికి రాసినా, పురోహితుడి చేతిలో పెట్టినా తెలుగువాళ్లు వంద దగ్గర ఆగరు. నూట పదహారు. దయ్యానికి ఆ అంకెతో పని లేదు. పూజ చేసేవాళ్లకే ఉంది. పూజ చేశారంట అని ఏసోబు చెప్పాడు, తను వింది, వదిలేసింది. బుధవారం ట్యాంకు గాజు గొట్టం మీద కుంకుమ బొట్టు కూడా చూసింది. ఆ ఫ్యాక్టరీలో కుంకుమ లేని ఇనుము లేదు కాబట్టి అదీ వదిలేసింది. బుద్ధిలేనిదాన్ని అని పైకే అనుకుంటూ ట్యాంకుల నిచ్చెన వైపు పరిగెత్తింది.

ఒకటో ట్యాంకు గాజు గొట్టం పక్కన కొలత పలక ఉంది. కుంకుమ బొట్టు ఎండి చెక్కు కట్టింది. సరిగ్గా 284 గీత మీద. నాలుగు వందల్లో 284 పోతే నూట పదహారు. దొరికింది. ఆవిడకి ఒక్క క్షణం కళ్లు చెమర్చాయి. రావమ్మకు ఇచ్చిన మాట నిలబడింది.

తల తిప్పితే పక్కనే రెండో ట్యాంకు. దాని పలక మీద కూడా బొట్టు. ఇంకా తడిగా మెరుస్తోంది. 168 దగ్గర ఉంది.

కింద స్టీము గొట్టం బుసకొడుతోంది. చేతి గడియారంలో పన్నెండూ పద్నాలుగు.

“జోజప్పా! స్టీము కట్టెయ్!” అని ఆవిడ పెట్టిన కేకకి స్టిర్రరు చప్పుడు కూడా వినపడలేదు. “పిన్నిగారూ, ఇవాళ ఎంత పోశారు?”

బాలామణి గారు అయోమయంగా తలెత్తారు. “ఎంతేముంది అమ్మాయ్, పదింబావుకి, రాహుకాలం రాకముందే మొదలుపెట్టినట్టు ఉంటుందని నేనే కొళాయి తిప్పాను. పోయిన శుక్రవారం మొట్టమొదటిసారి నూట పదహారు దించితే అలా జరిగింది కదా, తక్కువైందేమోనని ఇవాళ రెండు నూట పదహార్లు దించాను. తర్వాత ట్యాంకు ఎప్పటిలా మనవాళ్లు నింపేశారు.”

“పుస్తకంలో ఎవరూ రాయలేదా?”

“పూజని పుస్తకంలో రాస్తారా తల్లీ?”

జోజప్ప స్టీము కట్టేశాడు. థర్మామీటరు నలభై తొమ్మిది చూపిస్తోంది. కట్టేసినా ఎక్కుతూనే ఉంది. సుబ్బరత్నం వేళ్ల మధ్య స్లైడ్ రూల్ అటూ ఇటూ జరిగింది. రెండు వందల ముప్పై రెండు లీటర్లకి ఆ దాటకూడని గీత అరవై మూడు. “వాల్వు తెరవండి! నీళ్లు ఇప్పుడే కావాలి!”

“కీ లేదండీ, కానిస్టేబుల్ ఇంకా రాలా” అన్నాడు జోజప్ప.

యాభై రెండు.

“స్టిర్రరు ఆపొద్దు. కాస్టిక్ పోసే గరాటులోంచి లోపలికి చన్నీళ్లు పొయ్యండి, బకెట్లతో. పిన్నిగారూ, మీరు లేచి గేటు బయటికి పదండి.”

“నేను కదలను. నా చేత్తో మొదలుపెట్టింది, నేనెలా పోతాను?” అని బాలామణి గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

అంకారావు కోటు విప్పి విసిరేశాడు. ఆయన కోటు లేకుండా ఎలా ఉంటాడో తిరువూరులో ఎవరూ అంతవరకు చూడలేదు. రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని నీళ్ల తొట్టి వైపు ఉరికాడు.

చంద్రశేఖరం మాత్రం స్తంభం పక్కన కదలకుండా నిలబడ్డాడు. ఒకసారి థర్మామీటరు వైపు, ఒకసారి కుర్చీలోని తల్లి వైపు చూశాడు. యాభై అయిదు. ఆయన ఒక్కసారిగా ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు. సొరుగు లాగిన చప్పుడయింది. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో ఇనప కీ ఉంది. మోకాళ్ల మీద కూలబడి వాల్వు తిప్పాడు. గొట్టంలో నీళ్లు గళగళలాడుతూ కెటిల్ చుట్టూ తిరిగాయి.

 బకెట్లు నడుస్తూనే ఉన్నాయి. సుబ్బరత్నం ఒక్కతే పైకి చదివింది. “యాభై ఎనిమిది... అరవై... అరవై ఒకటి.” అరవై ఒకటి దగ్గర పాదరసం నిలబడింది. రెండు నిమిషాలు అక్కడే ఉంది. మరో మూడు నిమిషాలూ అక్కడే ఉంది. 

“అరవై” అంది. ఆ తర్వాత “యాభై తొమ్మిది” అని కేకేసింది. జోజప్ప బకెట్ బోర్లించి దాని మీదే కూర్చుండిపోయాడు. బాలామణి గారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. అందరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. అంకారావు నవ్వు మాత్రం ముందుగా ఆగింది. ఆయన వాల్వు మీద ఉన్న కీని చూస్తున్నాడు.

“చంద్రశేఖరం గారూ, కీ ఒక్కటేనని నాతో చెప్పారే?”

చంద్రశేఖరం లేవలేదు.

“నాలుగింటికి ఈ వాల్వు చూడమని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది కూడా మీరే.” అంకారావు గొంతులో ఇప్పుడు పరిహాసం లేదు. “నన్ను వెధవని చేశారు.”

“అమ్మ పోసిందని నాకు తెలుసు” అన్నాడు చంద్రశేఖరం నేల చూస్తూ. “పోలీసులొస్తే ఎవరు ఏం ముట్టుకున్నారని అడుగుతారు. అమ్మ పేరు బయటికొస్తుందని భయమేసింది. మూడింటికి అందరూ భోజనాలకెళ్లినప్పుడు వాల్వు కట్టేశాను. అందరూ దాన్నే చూస్తారనుకున్నాను. కాస్త ఫార్మలిన్‌కి ఇంత పనవుతుందని మాత్రం నిజంగా తెలీదు మేడమ్.”

“ఇవాళ పొయ్యొద్దని అమ్మగారికి ఎందుకు చెప్పలేదు?”

“ఎందుకురా అని అడుగుతుంది. అడిగితే అంతా చెప్పాలి.”

“అమ్మని కాపాడదామనుకున్నారు. కాపాడిన పద్ధతికి ఆవిడ ఇవాళ కెటిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.” సుబ్బరత్నానికి అంతకుమించి తిట్టబుద్ధి కాలేదు. ఆయన ఏడుస్తున్నాడు.

 బాలామణి గారు లేచి చీర కొంగు సవరించుకున్నారు. “ఏసోబు ఎక్కడున్నాడు?”

“స్టేషన్లో పిన్నిగారూ.”

“వారం రోజులు వాణ్ణి తిట్టుకుంటూ దీపం పెట్టాను. రిక్షా పిలవండి. ఆ లాగ్ పుస్తకం కూడా తీసుకో అమ్మాయ్.”

వాళ్లు స్టేషను చేరేసరికి మూడూ ఇరవై. కెటిల్ పూర్తిగా చల్లారిందాకా సుబ్బరత్నం కదలనివ్వలేదు మరి. చంద్రశేఖరం రెండో కీని ఎస్సై టేబిలు మీద పెట్టి, చెప్పాల్సిందంతా చెప్పాడు. అంకారావు తడిసిన చొక్కాతో పక్కన నిలబడి తన రిపోర్టు తనే వెనక్కి తీసుకున్నాడు. సుబ్బరత్నానికి అది చూసి ముచ్చటేసింది, ఆ మాట ఆయనతో అనలేదు.

బాలామణి గారు పెన్ను అడిగి తీసుకున్నారు. పోయిన శుక్రవారం పేజీ తెరిచారు. ఏసోబు రాసిన మొదటి వరుస పన్నెండు గంటలది. దాని పైన ఖాళీ జాగాలో పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. ‘పదీ పది. పూజ. 116 లీటర్లు. పోసినది బాలామణి.’ ఎస్సై ఆ వరుస రెండుసార్లు చదివి, తాళం తియ్యమని కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. వచ్చినవాళ్లందరి సంగతీ తర్వాత చూద్దామన్నాడు.

ఏసోబు బయటికి వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. “రెండో కెటిల్ ఇప్పుడు ఎంతలో ఉందమ్మా?” అని అడిగాడు ముందుగా.

“ముప్పై ఎనిమిది.”

అప్పుడు బెంచీ మీద కూర్చున్నాడు. రావమ్మ క్యారియరు విప్పింది. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఏసోబు రెండు ముద్దలు తిన్నాక లాగ్ పుస్తకం వైపు చూశాడు, కొత్త వరుస చదివాడు.

“అమ్మగారూ, ఈసారి పూజకి నన్నూ పిలవండి. దూరంగానే నిలబడతాను. ఎన్ని లీటర్లు దించారో రాసుకుంటాను.”

“దూరంగా ఎందుకు?” అన్నారు బాలామణి గారు. “గీత కనపడొద్దూ?”